ఎర్రబడని కన్ను

తేజాబ్, అదే యాసిడ్, నిజాయితీ గలది. మీద పడిందంటే మంట పెట్టి, పొగ చూపించి, నేనిక్కడున్నానని చెబుతుంది. కాస్టిక్ సోడాకు ఆ మర్యాద లేదు. ఈమధ్య పనిబడి మా పాత లేబరేటరీకి వెళ్లాను. కొత్తగా చేరిన పిల్లలు యాసిడ్ సీసా ముందు ఊపిరి బిగబట్టి నిలబడుతున్నారు, సోడా డబ్బాను మాత్రం వంటింట్లో ఉప్పు డబ్బాలా తీసి వాడుతున్నారు. అక్కడే నాలుగు చివాట్లు పెట్టాను. చివాట్లు ఆ పూటకే పనికొస్తాయి గనక మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను ఉద్యోగం చేసింది ఆబిడ్స్‌లో, పెద్ద రోడ్డు వెనక సందులో, ఒక చెప్పుల దుకాణం మీది అంతస్తులో. పేరుకు లేబరేటరీ. చూస్తే మూడు గదులు, యాసిడ్ పొగల్ని బయటికి లాగే ఒక అద్దాల అర, బుద్ధి పుట్టినప్పుడు పనిచేసే ఒక లిఫ్టు. నగల వ్యాపారులు బంగారం తెచ్చి అది ఎంత మేలిమో తేల్చమనేవారు. నేను అక్కడ కెమిస్టును. యజమానిని అందరం సార్ అనేవాళ్లం. మనిషి మంచివారే, కాని ఏ నిర్ణయమూ ఆ పూట తీసుకునేవారు కాదు.

మాతో పాటు ఒక పెద్దాయన ఉండేవాడు. నాకంటే కొన్నేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. గౌలిగూడలో తాతల నాటి నుంచి బంగారం శుద్ధి చేసే ఇల్లు వాళ్లది. యాసిడ్ అనే మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు, తేజాబ్ అనే అనేవాడు. గీటురాయి మీద నగను గీసి, ఆ గీత మీద ఒక చుక్క తేజాబ్ వేసి, కిటికీ గూట్లో పెట్టి కాసేపు చూసి బంగారం పాళ్లు చెప్పేవాడు. నేను మిషను పెట్టి తేల్చేదీ ఇంచుమించు అంతే. ఆ ఇంచుమించు దగ్గరే మాకు రోజూ పేచీ. నా మిషనే కరెక్టని ఇప్పటికీ అంటాను. కాని రాయి చూసేటప్పుడు ఆయన మొహం చూడటం నాకిష్టం. మనిషంతా కళ్లలోకి వచ్చి కూర్చునేవాడు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. రంగు చూడాల్సింది ఏదైనా సరే ఉత్తరం వైపు కిటికీ దగ్గరికి తేవాల్సిందే. ‘ట్యూబ్‌లైటు అబద్ధం చెప్తది మేడం, కిటికీ చెప్పదు’ అనేవాడు. మొదట్లో నవ్వుకున్నా, చివరికి మా అందరికీ అదే అలవాటైంది. బీకరులో ఏ రంగు తేలినా కాళ్లు వాటంతటవే కిటికీ వైపు నడిచేవి.

కొన్నాళ్లకు నగల దుకాణాలు ఎవరి మిషన్లు వాళ్లే కొనుక్కున్నాయి. మా దగ్గరికి వచ్చే బంగారం తగ్గింది. సార్ ఎక్కడో విని వచ్చి, పాత సామాన్ల నుంచి అరుదైన లోహాలు తీద్దామన్నారు. పాడైపోయిన ఎక్స్‌రే గొట్టాల్లో చిన్న పళ్లెంలాంటి చక్రం ఒకటి ఉంటుంది. అందులో టంగ్‌స్టన్ ఉంటుంది. దాన్ని నీళ్లలోకి దింపి, మళ్లీ పొడిగా తీసి అమ్మాలని సార్ ఆలోచన.

టంగ్‌స్టన్ కొరకరాని కొయ్య. బంగారం నీళ్లలా కరిగే కొలిమిలో అది ఎర్రబడి ఊరుకుంటుంది. తేజాబ్‌లో వేస్తే ఒంటి మీద పలచటి పొర కప్పుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. దాన్ని లొంగదీసేది సోడా. వేడి సోడా నీళ్ల తొట్టిలో వేలాడదీసి కరెంటు ఇస్తే, కప్పుకున్న పొరను కప్పుకున్నట్టే సోడా తినేస్తుంది. కింద లోహం బయటపడి మళ్లీ పొర కప్పుకుంటుంది, సోడా మళ్లీ తింటుంది. అలా తింటూ తింటూ చక్రమంతా నీళ్లలో కలిసిపోతుంది. టాంటలం అని దాని చుట్టం ఇంకొకటుంది. అది ఈ నీళ్లకు కూడా లొంగదు, నిప్పుల మీద కరిగించిన సోడాలో వెయ్యాలి. దాని జోలికి మేం పోలేదు.

ఈ సంగతంతా అన్నకు నేనే చెప్పాను. గీత గీసి, బొమ్మ వేసి, పొర తినడం గురించి అరగంట పాఠం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. నచ్చనిది మాత్రం ఒకటుంది. రంగు రాదు. రాగి కరిగితే నీళ్లు నీలమవుతాయి, బంగారం కరిగితే పసుపవుతాయి. టంగ్‌స్టన్ ఎంత కరిగినా నీళ్లు నీళ్లలాగే ఉంటాయి.

‘మాల్ యాడికి పోయినట్టు మేడం? కనబడకుంట పోయేదాన్ని నేనెట్ల నమ్మాలె?’ అన్నాడు.

చివర్లో ఆ నీళ్లను వేడి యాసిడ్‌లో పోస్తామనీ, ముందు పాలు విరిగినట్టు తెల్లగా వచ్చి, వేడికి మంచి పసుపు రంగులో అడుక్కు దిగుతుందనీ చెప్పాను. పసుపుకొమ్ము నూరినట్టుంటుందన్నాను. కిటికీల పెట్టి చూపెట్టిననాడు నమ్ముతా అన్నాడు. సరే, పందెం అనుకున్నాం.

తేజాబ్ మనిషిని సోడా పనిలో పెట్టడమంటే కారు నడిపేవాడికి పడవ ఇవ్వడమే. చేతులకు వచ్చిన విద్యే అడ్డం. తేజాబ్ పొగ చిమ్ముతుంది, ముక్కును పొడుస్తుంది, కాబట్టి దాని ముందు ఆయన మొహం ఎప్పుడూ పక్కకే ఉండేది. సోడాకు పొగా లేదు, ఘాటూ లేదు. అందుకని తొట్టి మీదికి వంగి చూసేవాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకునేవాడు. ప్లాస్టిక్‌లోంచి చూస్తే ఏం కనబడదని విసుక్కునేవాడు. నీళ్లు ఎంత గాఢంగా ఉన్నాయో తెలుసుకోవడానికి రెండు వేళ్ల మధ్య చుక్క వేసి రుద్దేవాడు. జారితే బలమున్నట్టు లెక్క. ఆ జారేది మీ తోలే సబ్బుగా మారి అన్నా, అని నేను మొత్తుకునేదాన్ని. అయితే సబ్బు ఖర్చు తప్పింది అని నవ్వేవాడు.

ఇంకో అలవాటు, అన్నిటికంటే పాతది. తేజాబ్‌లో బంగారం ఉడికేటప్పుడు బుడగలు తగ్గితే ‘దానికి ఆకలైంది, జర తినిపియ్యాలె’ అని కొత్త తేజాబ్ కొంచెం వంపేవాడు. సోడా తొట్టి కూడా అలాగే నెమ్మదిస్తుంది. లోహం కరిగేకొద్దీ సోడా ఖర్చయిపోతుంది, కొత్తది కలపాల్సిందే. కాని కరెంటు ఆపి, తొట్టి చల్లారనిచ్చి, విడిగా చన్నీళ్లలో కరిగించి పెట్టుకున్నది పొయ్యాలి. పొడి సోడా పెళ్లలు వేడి తొట్టిలో పడితే పడ్డచోట నీళ్లు భగ్గున ఉడికి పైకి ఎగురుతాయి. ఇది చెప్పాను. గోడ మీద రాసి అంటించాను కూడా. అన్న తల ఊపాడు. తల ఊపడం మెడ పని, చెయ్యి అలవాటు చేతిదే.

ఆ రోజు నాకు నాంపల్లి కోర్టులో సాక్ష్యం ఉంది. ఎవరో నకిలీ బంగారం కుదువ పెట్టిన కేసు, రిపోర్టు మీద సంతకం నాది. పొద్దున్నే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. ఫోను నోరు మూయించి సంచిలో పెట్టాను. ఈ వకీలు ఉంటే ఆ వకీలు లేడు, ఇద్దరూ ఉంటే ఫైలు లేదు. మధ్యాహ్నం దాటాక వాయిదా వేశారు. నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజులు కావడంతో రోడ్డంతా జనమే. మెట్రో కింద నీడ పట్టుకుని, కోర్టును తిట్టుకుంటూ ఆబిడ్స్ దాకా నడిచి వచ్చాను.

పైకి వెళ్లేసరికి అన్న కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. నుదుటి మీద తడి తువ్వాలు, చేతిలో చాయ్ గ్లాసు. కళ్లు మూసుకునే నన్ను పలకరించాడు. ఏమైందంటే సార్ చెప్పారు. తొట్టి నెమ్మదిస్తే అన్న దానికి తినిపించాడట. పొడి పెళ్లలు దోసెడు వేసేసరికి తొట్టి మొహం మీదికి ఎగిరింది. కళ్లద్దాలు నుదుటి మీదే ఉన్నాయి.

ఆ తర్వాత వాళ్లు చేసిందంతా తేజాబ్ పడితే చెయ్యాల్సిన వైద్యం. మా బల్ల పక్కన తినే సోడా పొడి డబ్బా ఎప్పుడూ ఉండేది, తేజాబ్ ఒలికితే విరుగుడుగా చల్లడానికి. కళ్లు మూసుకుని అన్న దానికోసమే చెయ్యి చాచాడు. సార్ కంగారులో ఆ పొడినే మగ్గు నీళ్లలో కలిపి కళ్లలో చల్లారు. సోడాకు విరుగుడు సోడా. ఇంకో మగ్గు మంచినీళ్లు పోశారు. కాసేపటికి మంట తగ్గిందన్నాడు అన్న. తేజాబ్ పనివాళ్లకు మంట తగ్గిందంటే గండం గడిచినట్టే. మేడం కోర్టుల ఉన్నరు, ఫోన్ చేసి ఫికర్ పెట్టొద్దని సార్‌కు తనే చెప్పాడట. చాయ్ తెప్పించుకున్నాడు. నేను వచ్చేటప్పటికి రెండో చాయ్ అది.

‘ఎర్రగ కూడా కాలేదు, చూడండి మేడం’ అన్నారు సార్. పాపం, ధైర్యం చెబుతున్నాననే అనుకున్నారు.

రెప్ప ఎత్తి చూశాను. నిజమే, ఎరుపు లేదు. ఒక్క జీర లేదు. తెల్లగుడ్డు ఉడికిన కోడిగుడ్డులా ఉంది. నల్లగుడ్డు మీద ఆవిరి పట్టిన అద్దంలా మసక కమ్మింది. కంట్లో నలుసు పడితేనే ఎర్రబడే కన్ను, ఇంత జరిగాక తెల్లగా ఎందుకుంది? ఎర్రబడాలంటే రక్తం రావాలి, అది రావడానికి రక్తనాళాలు తెరుచుకుని ఉండాలి. అవి మాడిపోయాయని డాక్టరు చెప్పాక తెలిసింది. ఆ నిమిషంలో నాకు తెలిసిందల్లా సోడా ఇంకా లోపలే ఉందని, ఇంకా తింటోందని. 

చాయ్ గ్లాసు లాగి పడేసి ఆయన్ను సింకు దగ్గరికి ఈడ్చాను. నల్లా తిప్పితే నీళ్లు దారంలా వచ్చాయి. తాగే నీళ్ల డబ్బా ఎత్తి, రెప్పలు వేళ్లతో విడదీసి, కళ్లలోకి పోస్తూనే ఉన్నాను. మంట లేదు గదా మేడం, ఇగ చాలు అంటున్నాడు. చాలదు అన్నాను. ఇంకో డబ్బా ఆటోలో పెట్టించి, సార్‌ను ముందు కూర్చోబెట్టి, కళ్ల దవాఖానకు పొమ్మన్నాను. నుమాయిష్ జనంలో ఆటో నత్తలా కదిలింది. నేను నీళ్లు పోస్తూనే ఉన్నాను. ఆటో అంతా తడిసిపోయింది. 

అన్న ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

‘మేడం, రాయి మీద గీత కనబడకపోతే నన్ను ఎవరు పిలుస్తరు?’

 పైకి చూడమన్నాను, నీళ్లు పోశాను.

దవాఖానలో డాక్టరమ్మ ఆయన్ను పడుకోబెట్టి, సెలైన్ గొట్టం పెట్టి కళ్లు కడగడం మొదలుపెట్టింది. చాలాసేపు కడిగాక రెప్ప కింద చిన్న కాగితం ముక్క పెట్టింది. ఆ కాగితం నాకు బాగా తెలుసు. మా లేబరేటరీలో సీసాల్లో ముంచేది అదే. నీలమైంది, అంటే సోడా ఇంకా లోపలే ఉంది. మళ్లీ కడిగింది. మళ్లీ నీలమే. ఉద్యోగంలో అన్నేళ్లు ఆ కాగితం నీలమవడం చూసి రాసుకుని పక్కన పెట్టినదాన్ని, అక్కడ చూడలేక గోడ వైపు తిరిగాను.

యాసిడ్ అయితే పైపొర గట్టిపడి దానికదే గోడ కడుతుంది, అక్కడితో ఆగుతుంది అని చెప్పింది డాక్టరమ్మ. సోడా అలా ఆగదు, పొరను కరిగించి లోపలికి పోతుంది, అది కరిగించి ఇంకా లోపలికి పోతుంది. ఆ పాఠం నాకు కొత్త కాదు. చక్రం గురించి గీత గీసి, బొమ్మ వేసి నేను అన్నకు చెప్పింది ఇదే.

పిల్లలూ, ఇక్కడ ఒక్క మాట విని ముందుకు వెళ్లండి. కంట్లో ఏది పడ్డా నీళ్లు. విరుగుడు వద్దు, వైద్యం వద్దు, ధైర్యం చెప్పుకోవడం అసలే వద్దు. ఆ క్షణం నుంచి దవాఖాన దాకా నీళ్లే. మంట తగ్గిందంటే మానిందని కాదు. మంట చెప్పే నరం కూడా పోయి ఉండొచ్చు.

సాయంత్రానికి వదిన వచ్చింది. ఏడవలేదు, కేకలు వెయ్యలేదు. సార్ చెప్పిందంతా విని నా వైపు తిరిగింది. ‘అప్పుడు మీరు లేకుంటిరా మేడం?’ అంది. కోర్టుకు పోయానన్నాను. ‘ఔ’ అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోర్టు నన్ను ఏనాడూ అంత సూటిగా ప్రశ్న అడగలేదు.

ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను మీద ఆశ ఉందన్నారు. పొర వేశారు, తీశారు, మళ్లీ ఏదో వేశారు. లేబరేటరీలో సోడా పని ఆగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు సార్ కొత్త కళ్లద్దాలు తెప్పించారు, కళ్లు కడిగే నల్లా పెట్టించారు, మేడ మీద కొత్త ట్యాంకు కట్టించారు. సోడా పొడి కలిపిన మగ్గును మాత్రం ఆయన ఎవరికీ కనబడకుండా తీసుకెళ్లి పడేశారు. నేను చూశాను. అన్న కూర్చునే చోటు అలాగే ఉంచారు. నగల వాళ్లు రాయి చూసే మనిషి ఏడని అడిగి వెళ్లిపోతున్నారు. చివరికి సార్ ఎన్నడూ లేనిది ఒక నిర్ణయం చెప్పారు. దసరా దాకా చూద్దాం, కుడి కన్ను కుదిరితే ఆ చోటు ఆయనదే, లేకపోతే ఇంకో మనిషిని పెట్టుకోక తప్పదు అన్నారు. అన్యాయం అనలేకపోయాను.

నేను ఫోన్ చేసినప్పుడల్లా అన్న హుషారుగానే మాట్లాడేవాడు. కుడి కంట్లోకి వెలుతురు వస్తోందని, మనుషులు ఆనుతున్నారని, కిటికీ ఊచలు కూడా తెలుస్తున్నాయని చెప్పేవాడు. వదిన ఫోన్ తీస్తే ‘ఆయన అట్లనే చెప్తుండు’ అని ఊరుకునేది.

వానలు పట్టాక సార్ ఆ రోజు తొట్టిలో మిగిలిన నీళ్ల సంగతి తేల్చమన్నారు. మూలన ప్లాస్టిక్ డబ్బాలో అలాగే ఉన్నాయి, అద్దంలా తేటగా. పారబోద్దామనిపించింది. ఈ సంగతి తెలిసి అన్న ఫోన్ చేశాడు. నేనొచ్చేదాక ఆగుండ్రి, పందెం ఉన్నది గదా అన్నాడు.

వదిన ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. మెట్ల మీద మాత్రం చెయ్యి వదిలించుకుని, గోడకు భుజం ఆనించుకుంటూ తనే ఎక్కాడట. నల్ల కళ్లద్దాలు, ఇస్త్రీ చొక్కా. సార్ గదిలో వదినను కూర్చోబెట్టి, అన్నను లోపలికి తెచ్చి, బల్ల దగ్గర ఆయన స్టూలు మీదే కూర్చోబెట్టాను. చేత్తో బల్ల అంచు తడిమి, గీటురాయి ఎక్కడుందో వెతికి, దాని మీద అరచెయ్యి ఉంచాడు. నేను ఆయనకు వీపు వెనకగా ఉన్న అద్దాల అరలో యాసిడ్ వేడి చేస్తున్నాను. ఆ వాసనకు ఆయన మొహం విప్పారింది.

‘తేజాబ్’ అన్నాడు, సొంతవాళ్లు ఎదురైనట్టు.

డబ్బాలోని నీళ్లు సన్నటి ధారగా పోశాను. ముందు తెల్లగా, పాలు విరిగినట్టు. తర్వాత వేడికి మెల్లగా రంగు తిరిగింది. అంత మంచి పసుపు నేను మళ్లీ ఎప్పుడూ తీయలేదు. బీకరు కాలుతోంది గనక చల్లారనిద్దామని అక్కడే అద్దాల అరలో వదిలేశాను. మంట ఆపాను.

‘వచ్చింది అన్నా’ అన్నాను. 

అన్న స్టూలు మీద నుంచి లేచాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. నిదానంగా కిటికీ వైపు తిరిగి, ఖాళీ గూటి ముందు కొంచెం వంగి, తల ఒక పక్కకు వాల్చి, రాయి చూసేటప్పుడు చూసే చూపే చూశాడు. 

‘ఔ మేడం’ అన్నాడు. ‘మంచిగ పసుపున్నది. నేను ఓడిపోయిన.’

బీకరు ఆయన వెనక, గది ఆ కొసన ఉంది.

పక్క గదిలో సార్ కుర్చీ జరిపిన చప్పుడైంది. ఏమైంది, కనబడుతుందా ఆయనకు, అని అడుగుతూ వస్తున్నారు. నేను చెప్పులు విప్పేశాను, అడుగుల చప్పుడు అన్నకు వినబడకూడదని. తువ్వాలుతో బీకరు పట్టుకుని, ఇంకా చల్లారకుండానే తీసుకెళ్లి, ఆయన చూస్తున్న కిటికీ గూట్లో పెట్టాను.

సార్ గడప దగ్గర ఆగారు. అన్న మొహం చూశారు, అది ఎటు తిరిగి ఉందో అటు చూశారు.

‘నిజమే, పసుపే’ అన్నారు.